బాబాయి ఇల్లు తూర్పున... ఆఫీసు పడమరన!

ఉద్యోగం వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఇరుగు పొరుగుకి స్వీట్లు పంచుతారు. ఆ సందడి సద్దుమణిగాక, రాత్రి భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు... ‘ఇంతకీ ఉండేదెక్కడ?’ అని. వినడానికి చిన్న ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కోవడానికి ఓ అమ్మాయికి పది నెలలు పట్టింది.

తాడేపల్లిగూడెం దగ్గర ఓ పల్లె. 2024 మే నెల. వీధి అరుగు మీద కూర్చుంటే వేడి సెగ కొట్టే మధ్యాహ్నం. ఆ ఇంటమ్మాయి ఫోనుకి ఆఫర్ లెటర్ వచ్చింది. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఓ కంపెనీ. అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం. చేతికి నెలకి 31 వేలు. జూన్ మొదటి సోమవారం చేరాలి.

సహకార బ్యాంకులో గుమస్తాగా చేసి రిటైరైన నాన్న కళ్లజోడు తుడుచుకుని ఆ లెటర్ని రెండుసార్లు చదివారు. మొదటిసారి జీతం దగ్గర ఆగారు. రెండోసారి చిరునామా దగ్గర ఆగారు.

‘‘ఉండటానికేం దిగుల్లేదు. బాబాయి ఉన్నాడుగా!’’ అన్నారు.

అంతే. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో అందరి దిగులూ తీరిపోయింది. అమ్మ ఆవకాయ జాడీ దించి రెండు సీసాలకి ఎత్తింది. ఒకటి అమ్మాయికి, ఒకటి బాబాయివాళ్లకి. అమ్మాయి మాత్రం ఫోనులో మ్యాప్ తెరిచి చూసింది. బాబాయి ఇల్లు వనస్థలిపురం. ఆఫీసు నానక్‌రాంగూడ. రెంటి మధ్యా నీలం గీత ఒకటి ఊరంతా చుట్టబెట్టి ఉంది. ‘చాలా దూరంలా ఉంది నాన్నా’ అనబోయి ఊరుకుంది. సొంత బాబాయి ఊళ్లో ఉండగా పిల్ల హాస్టల్లో ఉందంటే నలుగురూ ఏమనుకుంటారు? నాన్న ఆ మాట అనలేదు. అనక్కర్లేదు కూడా!

వచ్చిన దారే వాకిలి

హైదరాబాద్‌లో చుట్టాలు ఎక్కడుంటారన్నది చాలావరకు వాళ్లు ఏ దారిన వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి బస్సులో వచ్చేవాళ్లకి నగరం హయత్‌నగర్‌తో మొదలవుతుంది. ఆ తర్వాత వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్... విజయవాడ రోడ్డు వెంట వరసగా. పాతికేళ్ల కిందట బాబాయిలాంటి చిరుద్యోగులెందరో స్థలం చౌకగా దొరికిన చోట, ఊరి బస్సు ఆగే చోటుకి దగ్గరగా ఇల్లు కట్టుకున్నారు. పండక్కి వెళ్లాలంటే అయిదు నిమిషాల్లో హైవే ఎక్కొచ్చు. అంతకన్నా ఏం కావాలి?

ఉద్యోగాలేమో రెండో వైపు పెరిగాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అక్కణ్నుంచి ఆఫీసులు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అంటూ ఇంకా పడమరకే జరిగాయి. అలా ఎన్నో ఇళ్లలో పెద్దలు నగరానికి ఈ చివర, పిల్లల కొలువులు ఆ చివర అయిపోయాయి. మధ్యలో మూసీ నది, మొత్తం నగరం!

కాకపోతే ఇప్పుడు మెట్రో ఉంది. 2018 సెప్టెంబరు నుంచి ఎల్బీనగర్‌లో ఎక్కితే అమీర్‌పేటలో దిగొచ్చు. 2019 నవంబరు నుంచి అమీర్‌పేటలో రైలు మారితే రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. ‘‘ఏసీ రైలమ్మా, హాయిగా కూర్చుని వెళ్లిపోవచ్చు’’ అన్నారు బాబాయి ఫోనులో. ఆయన ఆ రైలెక్కింది రెండుసార్లు. రెండుసార్లూ ఆదివారాలే.

నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ

చేరిన వారానికే అమ్మాయికి రోజు లెక్క తెలిసిపోయింది. ఆరూ ముప్పావుకల్లా గడప దాటాలి. బాబాయి స్కూటర్ మీద ఎల్బీనగర్ స్టేషన్ దగ్గర దింపుతారు. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ మెట్లెక్కి రైలు మారాలి. రాయదుర్గంలో దిగి షేర్ ఆటో కోసం నిలబడాలి. అక్కణ్నుంచి ఆఫీసు దూరం చెప్పుకోవడానికి కొద్దిపాటిదే. ట్రాఫిక్‌లో మాత్రం అదే పెద్ద ప్రయాణం. తొమ్మిదికి సీట్లో కూర్చునేసరికి ఒక పూట పని చేసినంత అలసట.

సాయంత్రం ఆరున్నరకి బయల్దేరితే తొమ్మిది కావస్తుండగా ఇల్లు. వెళ్లడానికి రెండుంపావు గంటలు, రావడానికి రెండుంపావు గంటలు. నెలకి 22 పనిదినాలు. లెక్కల మనిషి కదా, ఓ రోజు రైల్లోనే కూడింది. 99 గంటలు! అంటే నెలలో నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ దారిలోనే. టికెట్లకీ షేర్ ఆటోలకీ కలిపి నెలకి మూడున్నర వేలు. అద్దె లేదన్న మాటేగానీ ఖర్చు లేదని కాదు.

అలసటనైనా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంట్లోవాళ్ల మంచితనం.

రాత్రి తొమ్మిదిన్నరకి కంచం ముందు కూర్చునేసరికి పిన్ని కూర మళ్లీ వేడి చేసేది. ‘‘మీరు తినేయండి పిన్నీ, నేను పెట్టుకుంటా’’ అంటే వినేది కాదు. ఎనిమిదింటికే భోంచేసే అలవాటున్న మనిషి అమ్మాయి వచ్చేదాకా తినేది కాదు. బాబాయికి మోకాళ్ల నొప్పులు. అయినా రాత్రిపూట ఆడపిల్ల ఆటోలో ఎందుకని స్టేషన్ బయట స్కూటర్ మీద ఎదురుచూసేవారు. వానొచ్చిన రోజు రెయిన్‌కోటు వేసుకుని మరీ. ఆఫీసులో ఓ అరగంట ఆలస్యమైతే అమ్మాయి కళ్ల ముందు కంప్యూటర్ తెర కనిపించేది కాదు. మెట్లకింద నిలబడ్డ ఆ స్కూటరే కనిపించేది.

మొదటి జీతం రాగానే అయిదు వేలు పిన్ని చేతిలో పెట్టబోయింది. ‘‘మా ఇంట్లో తిండికి లెక్కలు కడతావా?’’ అని పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత డబ్బు మాట ఎత్తలేదు. వారం వారం పళ్లు తెచ్చేది. అద్దె ఇచ్చే ఇంట్లో కుళాయి రాకపోతే గట్టిగా అడగొచ్చు. ప్రేమగా ఉంచుకున్న ఇంట్లో ఏమని అడుగుతాం?

ఇక తమ్ముడు. ఇంటర్ రెండో సంవత్సరం. వాడి గదిని అక్కకి ఇచ్చి వాడు హాల్లోకి మారాడు. ఓ రాత్రి రెండింటికి దాహమేసి లేచి చూస్తే, టీవీ పక్కన నేల మీద కూర్చుని, బల్బు వెలుతురు నాన్న మొహం మీద పడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నాడు. వాడు ఒక్కసారీ ‘నా గది’ అనలేదు. ఆ అట్టముక్కని చూశాక అమ్మాయికి నిద్ర పట్టలేదు. ఆ ఆదివారమే గది వెతకడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పకుండా!

ఎవరెవరు ఏమడిగారంటే...

ఒకప్పుడు ఊళ్ల నుంచి వచ్చిన కుర్రకారుకి హాస్టల్ అంటే అమీర్‌పేట, ఎస్సార్‌నగర్. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సులు, వెనక సందుల్లో హాస్టళ్లు. ఆఫీసుల వెంట హాస్టళ్లూ పడమరకి నడిచాయి. ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి సందుల్లో కరెంటు స్తంభానికో బోర్డు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. మంచాలు పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది.

ముందు ఒంటరిగా ఒక పడగ్గది ఇల్లు చూసింది. అద్దె 17 వేలు. మెయింటెనెన్స్ 2 వేలు. రెండు నెలల అడ్వాన్సు. బ్రోకర్‌కి ఓ నెల అద్దె. ఆపైన గ్యాసు, కరెంటు, మంచం, బకెట్ దగ్గర్నుంచీ కొనుక్కోవాలి. జీతంలో మిగిలేది పన్నెండు వేలు కూడా లేదు. ఇంటికి పంపాలనుకున్న అయిదు వేలు ఎక్కణ్నుంచి తేవాలి? ఆ ఆశ అక్కడితో సరి.

ఇళ్లవాళ్ల ప్రశ్నలు సరేసరి. ‘బ్యాచిలర్స్‌కి ఇవ్వం’ అని గేటు దగ్గరే తేల్చేసినవాళ్లు నయం. లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ‘‘ఇంతకీ మీరేవిటమ్మా?’’ అని ఒకరు, ‘‘మనవాళ్లేనా?’’ అని ఇంకొకరు. కులం అడగడానికి ఎన్ని మర్యాదలో! ‘‘గుడ్డు కూడా వండరు కదా?’’ అని ఒకావిడ. ‘‘మీ నాన్నగారొస్తేనే మాట్లాడతాం’’ అని ఓ పెద్దాయన. సంపాదించేది, అద్దె కట్టేది తనే. మాట మాత్రం నాన్నది కావాలి!

ఆఫీసులో పక్కసీటు అక్క ఒకావిడ ఉంది. అయిదేళ్లలో నాలుగు హాస్టళ్లు మారిన అనుభవం. ఆవిడ చెప్పిన మాటలు అమ్మాయి డైరీలో రాసుకుంది. ‘‘పగలు చూసి ఒప్పుకోకు. రాత్రి ఎనిమిదికి వెళ్లి చూడు. వీధి దీపాలు వెలుగుతున్నాయో లేదో, మెయిన్‌రోడ్డు నుంచి గేటు దాకా తెరిచి ఉండే కొట్లు ఎన్నున్నాయో చూసుకో. గది చూపించే ఆవిడని కాదు, అక్కడ ఉంటున్న అమ్మాయిల్ని అడుగు. నీళ్ల సంగతి అడుగు. ఎండాకాలం ఈ పక్క బోర్లు ఎండిపోతాయి, ట్యాంకర్లే దిక్కు. అడ్వాన్సులో ఎంత కోస్తారో, ఖాళీ చేసే ముందు ఎన్నాళ్లకి చెప్పాలో కాగితం మీద రాయించుకో. బీరువాకి తాళం ఉందా, మంచం పక్కన ప్లగ్గు ఉందా... నవ్వకు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి!’’

అలా ఏడు హాస్టళ్లు తిరిగి, గచ్చిబౌలిలో ఒకటి ఎంచుకుంది. టూ షేరింగ్. మూడుపూటలా భోజనంతో 9,500. ఆఫీసుకి పావుగంట. వీధి మొగలో మందుల షాపు, టిఫిన్ బండి. డైరీలోని ప్రశ్నలన్నిటికీ టిక్కులు పడ్డాయి.

ఫ్యాన్ స్విచ్చి

మిగిలింది బాబాయికి చెప్పడం. అది ఏ డైరీలోనూ లేదు.

ముందు నాన్నకి ఫోన్ చేసింది. అవతల చాలాసేపు మాట లేదు. ‘‘వాడేమనుకుంటాడే? మీ పిన్ని ఏమైనా అందా?’’ అన్నారు చివరికి. ‘‘ఏమీ అనలేదు నాన్నా. అదే కదా నా బాధ!’’ అంటే ఆయనకి అర్థం కాలేదు. ‘‘నీ ఇష్టం’’ అని పెట్టేశారు. పెద్దవాళ్లు ‘నీ ఇష్టం’ అన్నారంటే వాళ్లకి ఇష్టం లేదని వేరే చెప్పాలా?

ఆ రాత్రి భోజనాలయ్యాక చెప్పేసింది. బాబాయి చేతిలో పేపరు దించలేదు. ‘‘మావల్ల ఏదైనా పొరపాటు జరిగిందా అమ్మా?’’ అన్నారు పేపరు వెనక నుంచే. ఆ మాటకి జవాబు చెప్పలేక తలొంచుకుంది. తమ్ముడు పుస్తకంలో మొహం దూర్చేశాడు.

అప్పుడు గిన్నెలు సర్దుతున్న పిన్ని మాట్లాడింది.

‘‘వెళ్లనీయండి. నేనూ పెళ్లికి ముందు బెజవాడలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నా. అత్త బంగారంలా చూసుకునేది. అయినా ఆ రెండేళ్లూ నాకై నేను లేచి ఫ్యాన్ స్విచ్చి వేసుకోలేదు. ఉక్కపోసినా సరే, ఎవరైనా వేస్తే బాగుండునని చూసేదాన్ని.’’

బాబాయి పేపరు దించారు. పాతికేళ్ల కాపురంలో ఆయన వినని మాట అది. ఇంకేమీ అనలేదు. ఆదివారం పొద్దున్నే పెట్టె స్కూటర్ ముందు పెట్టుకుని ఎల్బీనగర్ దాకా దింపారు. మెట్లెక్కబోతుంటే, ‘‘ఆదివారాలు రా’’ అన్నారు. గొంతులో చిన్న కోపం ఉంది. వెళ్తున్నందుకో, ముందే చెప్పనందుకో తెలీదు.

డబ్బా చెప్పిన సంగతి

హాస్టల్లో మొదటిరోజు సాయంత్రం ఆరూ యాభైకి గదిలో ఉంది. ఇంకా వెలుతురుంది! మూడు నెలల్లో పనిరోజున సూర్యాస్తమయం ఇంటినుంచి చూడటం అదే. ఏం చేయాలో తోచక తలకి నూనె రాసుకుంది. పడుకుని పాటలు విన్నది. లేచి ఫ్యాన్ స్విచ్చి వేసింది. ఆపింది. మళ్లీ వేసింది. నవ్వొచ్చింది.

ఆ స్వేచ్ఛకి అలవాటు పడటానికి వారం పట్టలేదు. సాయంత్రాలు చదువుకుని, మధ్యలో ఆపేసిన పరీక్షలకి మళ్లీ ఫీజు కట్టింది. ఆదివారాలు వనస్థలిపురం వెళ్లేది. ఇప్పుడు చుట్టంగా వెళ్తోంది కాబట్టి పిన్నితో తీరిగ్గా మాట్లాడగలిగేది. తమ్ముడి గది తమ్ముడికి వచ్చేసింది.

నవంబరులో జ్వరం వచ్చింది. రూమ్మేట్‌కి అప్పుడు నైట్ షిఫ్టులు. తను వచ్చేసరికి ఈమె నిద్ర, ఈమె లేచేసరికి తను నిద్ర. ఒకే గదిలో ఇద్దరు మనుషులు, వారంలో పది మాటలు. ఆఫీసుకి సెలవు మెసేజ్ పెట్టి దుప్పటి కప్పుకుంది. అమ్మకి చెబితే రాత్రి రైలుకే బయల్దేరుతుందని చెప్పలేదు. బాబాయికి చెప్పడానికి మొహం చెల్లలేదు. వద్దని వచ్చిన ఇంటికి ఒంట్లో బాగాలేదని ఫోన్ చేయడమెలా?

ఒక రోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. వంట చేసే ఆవిడ. శ్రీకాకుళం నుంచి వచ్చి పదేళ్లుగా ఇక్కడ వండుతోంది.

‘‘ఏటమ్మా, నిన్నట్నించీ నీ డబ్బా అక్కడే ఉంది?’’

పొద్దున్నే అమ్మాయిలు తమ టిఫిన్ డబ్బాలు వంటగది అరుగు మీద పెడతారు. నింపుకుని వెళ్తారు. నలభై డబ్బాల్లో ఒక నీలం మూత డబ్బా రెండు పూటలు కదల్లేదు. ఆవిడ అది చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, కిందికెళ్లి రాగిజావ కాచి తెచ్చింది. వాచ్‌మన్‌ని పంపి మాత్రలు తెప్పించింది. జావ తాగుతుంటే అమ్మాయికి ఏడుపొచ్చింది. జ్వరం వల్ల అని చెప్పింది.

కోలుకున్నాక డైరీ తీసి, పక్కసీటు అక్క చెప్పిన ప్రశ్నల జాబితా కింద ఇంకో ప్రశ్న రాసుకుంది... ‘రెండు రోజులు కనిపించకపోతే ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?’

బాబాయి ఇంట్లో అరగంట ఆలస్యమైనా ముగ్గురికి తెలిసేది. అది బరువనిపించింది. హాస్టల్లో రెండు రోజులైనా ఒక్క డబ్బాకి తప్ప ఎవరికీ తెలియలేదు. ఇది భయమనిపించింది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఓ ఇల్లుండాలి. అద్దె, దూరం, నీళ్లు, వీధి దీపాలు... ఇన్ని చూసిన తను ఇది చూడనేలేదు!

ఇద్దరు ముగ్గురై

జ్వరం సంగతి తెలిశాక రూమ్మేట్ చాలా నొచ్చుకుంది. కరీంనగర్ అమ్మాయి. ‘‘పక్క మంచం మీదే ఉండి నాకు తెల్వలేదు సూడు’’ అని పదిసార్లు అంది. ఆ నొచ్చుకోవడంలోంచే స్నేహం పుట్టింది. తనకి పగటి షిఫ్టు వచ్చాక, పక్కసీటు అక్కనీ కలుపుకుని ముగ్గురూ ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. ఆఫీసుల దగ్గర అద్దెలు అందలేదు. వెతగ్గా వెతగ్గా 2025 ఏప్రిల్‌లో చందానగర్‌లో దొరికింది. లింగంపల్లి రైల్వేస్టేషన్‌కి దగ్గర.

రెండు పడగ్గదులు. అద్దె 21 వేలు, మెయింటెనెన్స్ 2,400. మనిషికి 7,800. రెండు నెలల అడ్వాన్సు మనిషికి 14 వేలు. కిరాణా, గ్యాసు, కరెంటు, గిన్నెలు తోమే మనిషి అన్నీ కలుపుకొంటే హాస్టల్ కంటే నెలకి రెండు వేలు ఎక్కువే. దూరమూ ఎక్కువే. పావుగంటలో వెళ్లే ఆఫీసుకి ఇప్పుడు లింగంపల్లి, సెంట్రల్ యూనివర్సిటీ, గచ్చిబౌలి మీదుగా ముప్పావుగంట. ‘డబ్బూ పోయె, టైమూ పోయె. ఇదేం తెలివి?’ అన్నారు ఆఫీసులో. నిజానికి లెక్కలు బాగా వచ్చిన మనిషే ఆ లెక్క వేసింది.

కింది వాటాలో ఇంటివాళ్లు. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్న ఓ పెద్ద జంట. వాళ్లూ ప్రశ్నలు అడిగారు. అయితే వేరే ప్రశ్నలు. ‘‘రాత్రి ఎన్నింటికి వస్తారు? ఆలస్యమైతే తాళం మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. మాకు ఫోన్లలో డబ్బులు పంపడం రాదు, నేర్పుతారా?’’ అని. ‘మీరేవిటి’ అని మాత్రం అడగలేదు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని అక్కడే సరేనన్నారు.

ఒప్పందం పదకొండు నెలలకి రాసుకున్నారు. ఏడాదికి మించిన కౌలు ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ తిప్పలూ లేకుండా అందరూ పదకొండు నెలలే రాసుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం అమ్మాయి పట్టుబట్టింది. కాగితంలో ముగ్గురి పేర్లూ ఉండాలంది. ఒకరి పేరు మీదే ఉంటే, రేపు ఆ ఒకరికి పెళ్లో బదిలీయో అయితే మిగతా ఇద్దరూ ఎవరింట్లో ఉన్నట్టు?

ఇంట్లో తామే పెట్టుకున్న నియమం ఒకటుంది. ఫ్రిజ్ మీద కాగితానికి రాసి అంటించారు. ‘రాత్రి తొమ్మిది దాటితే మెసేజ్ పెట్టాలి. ఎవరూ తినకుండా కూర్చోకూడదు.’ ఆ రెండో వాక్యం అమ్మాయి రాసిందే.

ఆ చివర నుంచి ఈ చివరకి

2025లో దీపావళి వెళ్లాక నాన్న వచ్చారు. తాడేపల్లిగూడెంలో గౌతమి ఎక్కితే లింగంపల్లిలోనే దిగొచ్చు. తెల్లారేసరికి బియ్యం బస్తాతో స్టేషన్లో నిలబడి ఉన్నారు. ఇల్లంతా తిరిగి చూశారు. తలుపు గడియలు రెండుసార్లు వేసి తీసి చూశారు. ఇంటాయనతో గంటసేపు మాట్లాడి, ఆయనకీ తనకీ ఒకే ఏడాది పెళ్లయిందని తెలుసుకుని వచ్చారు. ఏమీ అనలేదు. కానీ ఆ మధ్యాహ్నం మంచి నిద్ర పోయారు.

ఆ మర్నాడు శనివారం. ‘‘మీ ఆఫీసెక్కడో బయట నుంచైనా చూస్తా’’ అన్నారు. ఇద్దరూ లింగంపల్లిలో సిటీ బస్సెక్కారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ కండక్టర్ సున్నా టికెట్లు కొడుతోంది. అమ్మాయి దగ్గరికొచ్చి ఆధార్ చూసింది.

‘‘గిది ఆంధ్రా అడ్రస్ గదమ్మా. టికెట్ తీస్కోవాలె.’’

‘‘తెలుసండీ’’ అని అమ్మాయి డబ్బులిచ్చింది. ఏడాదిన్నరగా ఇస్తూనే ఉంది. నాన్న ఆశ్చర్యంగా చూశారు. ‘‘ఇన్నాళ్లూ అడ్రస్ మార్చుకోలేదా?’’ అన్నారు. ‘‘చూద్దాంలే నాన్నా’’ అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆదివారం బాబాయి, పిన్ని భోజనానికి వచ్చారు. ఎల్బీనగర్‌లో ఎక్కి మియాపూర్‌లో దిగారు. మెట్రోలో ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై ఏడు స్టేషన్లు. అక్కణ్నుంచి ఆటో. మెట్లెక్కి వచ్చి బాబాయి కుర్చీలో కూలబడ్డారు. చెమట తుడుచుకున్నారు. గ్లాసుడు నీళ్లు తాగారు. పక్కన నిలబడ్డ అమ్మాయిని చూసి నెమ్మదిగా అడిగారు...

‘‘రోజూ ఇంత దూరం పోయొచ్చేదానివా అమ్మా?’’

‘‘ఇంచుమించు ఇంతే బాబాయ్. నేను అమీర్‌పేటలో మారేదాన్ని.’’

‘‘రోజుకి రెండుసార్లు’’ అన్నారాయన, తనలో తనే అనుకుంటున్నట్టు. ఆ తర్వాత అన్నగారి వైపు తిరిగి, ‘‘మంచి పని చేసిందన్నయ్యా. మనకే తెలీలేదు’’ అన్నారు. ఏడాదిపాటు గొంతులో ఉండిపోయిన ఆ చిన్న కోపం అప్పుడు పోయింది. పిన్ని వంటింట్లోకి వెళ్లబోతూ హాల్లో స్విచ్‌బోర్డు దగ్గర ఆగింది. తనే ఫ్యాన్ వేసింది. వేసి, అమ్మాయి వైపు చూసి నవ్వింది.

రాత్రి లింగంపల్లి స్టేషన్లో నాన్నని రైలెక్కించడానికి వెళ్లింది. కిటికీ పక్క సీటు. బండి కదలబోయే ముందు ఆయన చువ్వల్లోంచి వంగి అన్నారు.

‘‘ఆ ఆధార్ అడ్రస్ ఈ ఇంటికి మార్చుకో తల్లీ. రోజూ టికెట్ డబ్బులు దండగ.’’

పది నెలల వెతుకులాట మొదలైంది ఈయన చెప్పిన ఒక్క మాటతోనే. ‘బాబాయి ఉన్నాడుగా’ అన్న మనిషే ఇప్పుడు ‘ఈ ఇంటికి’ అంటున్నారు. అమ్మాయికి ఏం చెప్పాలో ఒక్క క్షణం తోచలేదు. తర్వాత నవ్వేసింది.

‘‘మార్చుకుంటే సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అక్కడ టికెట్ కొనాలిగా నాన్నా!’’

నిజమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ ఆడవాళ్లకి ఆర్టీసీ ఉచితం. ఆ చిరునామా ఉన్నవాళ్లకే. నాన్న కూడా నవ్వారు. బండి కదిలింది.

అడ్రస్ ఇంకా మార్చుకోలేదు. మార్చుకోవచ్చు, మార్చుకోకపోనూవచ్చు. సొంతూరు ఒకటి, ఉండే ఊరు ఒకటి అయ్యాక, ఎక్కడో ఒకచోట టికెట్ కొనక తప్పదు.